కాపీ టకటకా వస్తోంది, ప్రింటు మాత్రం రెండు నిమిషాలు పడుతోంది: బోర్డు మార్చకండి, ముందు డ్రైవర్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నెట్ సెంటర్‌లో ఒక నలుపు-తెలుపు లేజర్ మల్టీఫంక్షన్ ప్రింటర్ ఉంది. వైఫై మీదున్న దాన్నే రెండు కంప్యూటర్లూ వాడుతున్నాయి. మూడు వారాల కిందట కౌంటర్ దగ్గరున్న కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి విండోస్ 11కి మార్చారు. అప్పటినుంచి మొదటి పేజీ రావడానికి రెండు నిమిషాల పైనే పడుతోంది, తర్వాతి పేజీలు కూడా ఆగి ఆగి వస్తున్నాయి. జిరాక్స్ కాపీలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. మెకానిక్ వచ్చి చూసి బోర్డు పోయింది, మార్చాలి అన్నాడు. అప్లికేషన్ల సీజన్, కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటున్నారు, టెన్షన్‌గా ఉంది అని రాశారు.

బోర్డుకి డబ్బు కట్టకండి. కనీసం ఇది పూర్తిగా చదివి, కింద చెప్పినవి చేసి చూసేదాకా ఆగండి. నేను పందొమ్మిదేళ్లుగా ప్రింటర్లు బాగుచేస్తున్నాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పని నేర్చుకుని, ఇప్పుడు వరంగల్‌లో సొంతంగా చేసుకుంటున్నాను. విండోస్ మార్చిన మర్నాడే బోర్డు పోవడం అసలు జరగదని అనను కానీ, నా దగ్గరికి ఇలా వచ్చిన వాటిలో చాలావరకు స్క్రూడ్రైవర్ పట్టకుండానే బాగయ్యాయి.

కాపీ త్వరగా వస్తోందన్న ఆ ఒక్క ముక్కలోనే సగం జవాబు ఉంది. అద్దం మీద కాగితం పెట్టి బటన్ నొక్కితే ఏం జరుగుతుంది? స్కానర్ ఆ పేజీని చదువుతుంది, ప్రింటర్ బోర్డు దాన్ని చుక్కల బొమ్మగా తయారుచేస్తుంది, లేజర్ డ్రమ్ము మీద గీస్తుంది, ఫ్యూజర్ వేడి చేసి కాగితానికి అతికిస్తుంది. అంటే బోర్డు, లేజర్, డ్రమ్ము, ఫ్యూజర్, కాగితం లాగే రోలర్లు అన్నీ పనిచేసినట్టే. ఇందులో పాల్గొననివి కంప్యూటర్, డ్రైవర్, పోర్టు (ప్రింట్‌ని ఏ చిరునామాకు ఎలా పంపాలో విండోస్‌లో ఉండే అమరిక), వైఫై దారి. లోపం ఈ నాలుగింట్లోనే వెతకాలి. బోర్డు మీదున్న వైఫై చిప్ ఒక్కటే కాపీ తీసేటప్పుడు పరీక్షకు రాదు. దానికీ సులువైన పరీక్ష ఉంది. మీ ఫోన్‌ని అదే వైఫైకి కలిపి, ఏదో ఒక పీడీఎఫ్‌ని ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వండి. ఫోన్‌కి విండోస్ డ్రైవర్‌తో పని లేదు. ఫోన్ నుంచి పది, పదిహేను సెకన్లలో పేజీ వస్తే ప్రింటరూ బాగుంది, వైఫై కూడా బాగుంది. ఇక మిగిలింది మీ విండోసే.

ఈ పరీక్ష అయ్యాక ఏదీ ముట్టుకోకుండా ఇంకొక పని చేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, ప్రింటర్ క్యూ విండో (వరుసలో ఉన్న ప్రింట్లు చూపించేది) తెరిచి ఉంచి, ఒక పేజీ ప్రింట్ ఇవ్వండి. మూడు టైములు రాసుకోవాలి. ప్రింట్ నొక్కిన దగ్గర్నుంచి క్యూలో మీ ఫైలు పేరు కనబడేదాకా ఎంత? క్యూలో పేరు కనబడిన దగ్గర్నుంచి ప్రింటర్ లైటు మిణుకుమిణుకుమనేదాకా ఎంత? లైటు మొదలైన దగ్గర్నుంచి కాగితం బయటికి వచ్చేదాకా ఎంత? స్లోగా ఉంది అని వచ్చే ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఇదే, ఎందుకంటే ఈ మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి. మొదటి భాగం ఎక్కువైతే, డ్రైవర్ పేజీని తయారుచేయడానికి తంటాలు పడుతోంది, లేదా విండోస్ ప్రింటర్‌ని వెతుక్కుంటోంది. మధ్య భాగం ఎక్కువైతే అది పోర్టు సమస్య. చివరి భాగం ఎక్కువైతే పంపిన డేటా మరీ పెద్దది, లేకపోతే ప్రింటర్‌కి ఏదో సెట్టింగు తప్పుగా వెళ్తోంది.

చాలామంది డ్రైవర్ అంటే ప్రింటర్‌ని కంప్యూటర్ గుర్తుపట్టడానికి వేసే చిన్న ఫైలు అనుకుంటారు. అది చేసే పని అంతకంటే చాలా పెద్దది. వర్డ్‌లోనో పీడీఎఫ్‌లోనో ఉన్న అక్షరాలు, గీతలు, ఫొటోలు అన్నింటినీ ప్రింటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చేది అదే. కొన్ని ప్రింటర్లకు తెలివైన భాష వస్తుంది, పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ లాంటివి. వాటికి 'ఈ అక్షరం ఇక్కడ పెట్టు, ఈ గీత అక్కడిదాకా గియ్యి' అని చెబితే చాలు, మిగతాది ప్రింటరే చూసుకుంటుంది. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనబడే కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ 1020 లాంటి చిన్న లేజర్లకు ఆ భాషలేవీ రావు. కంప్యూటరే పేజీ మొత్తాన్ని చుక్కల బొమ్మగా చేసి పంపాలి. 1020 అయితే ఆన్ చేసినప్పుడల్లా తన ఫర్మ్‌వేర్ (తన లోపల నడిచే ప్రోగ్రాము) కూడా కంప్యూటర్ నుంచే ఎక్కించుకోవాలి. అందుకే ఇలాంటి వాటికి డ్రైవర్ చెడితే ప్రింటర్ చెడినట్టే కనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క చూపిస్తాను, దీంతో విషయం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఎ4 కాగితం 8.27 అంగుళాల వెడల్పు, 11.69 అంగుళాల పొడవు. అంగుళానికి 600 చుక్కల చొప్పున పేజీ మొత్తానికి సుమారు 3 కోట్ల 48 లక్షల చుక్కలు. నలుపు-తెలుపులో ఒక్కో చుక్కకు ఒక్క బిట్ చాలు. అంటే పేజీ 4.35 ఎంబీ. అదే పేజీని డ్రైవర్ కలర్‌గా భావించి ఒక్కో చుక్కకు 24 బిట్లు కేటాయిస్తే 104 ఎంబీ అవుతుంది. కుదించకుండా పంపితే, మామూలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద సెకనుకు రెండున్నర ఎంబీ వెళ్తుందనుకుంటే, మొదటిది రెండు సెకన్లలో చేరుతుంది. రెండోదానికి నలభై సెకన్లకు పైనే పడుతుంది. కాగితం మీద కనబడేది మాత్రం అదే నల్లటి హాల్ టికెట్టు! కాబట్టి క్యూ విండోలో సైజు చూపించే గడి మీద ఒక కన్నేసి ఉంచండి. మూడు వందల కేబీ పీడీఎఫ్ క్యూలోకి వెళ్లేసరికి తొంభై ఎంబీ అయిందంటే దొంగ దొరికినట్టే.

ఇక మీ విషయానికి వస్తాను. విండోస్ 10 నుంచి 11కి మారినప్పుడు మీ పాత డ్రైవర్ పక్కకు పోయి, దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ వచ్చి కూర్చుందని నా అనుమానం. పోర్టు కూడా మారిపోయి ఉండొచ్చు. చూడటం ఇలా. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్, మీ ప్రింటర్ మీద నొక్కి ప్రింటర్ ప్రాపర్టీస్ తెరవండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో డ్రైవర్ పేరు ఉంటుంది. అక్కడ మీ కంపెనీ పేరు, మోడల్ పేరు కాకుండా 'మైక్రోసాఫ్ట్ ఐపీపీ క్లాస్ డ్రైవర్' అని ఉంటే నేను చెప్పిందే జరిగింది. తర్వాత పోర్ట్స్ ట్యాబ్ చూడండి. టిక్ పెట్టి ఉన్న పోర్టు పేరు డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే అది రెండో అనుమానితుడు.

ఐపీపీ అంటే కంప్యూటర్, ప్రింటర్ మాట్లాడుకునే ఒక ఉమ్మడి పద్ధతి. ఆ క్లాస్ డ్రైవర్ చెడ్డదని నేను అనడం లేదు. ఈ మధ్య వచ్చిన ప్రింటర్లతో అది చక్కగా పనిచేస్తుంది, డ్రైవర్ల కోసం వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. కానీ ఏ కంపెనీ ప్రింటరైనా ఒకటే డ్రైవర్ అన్నప్పుడు, అది అందరికీ తెలిసిన మాటల్లోనే మాట్లాడాలి. పాత మోడళ్లలో కొన్నింటికి పేజీని బొమ్మగా చేసి పంపడం తప్ప దానికి వేరే దారి ఉండదు. అప్పుడు పైన చెప్పిన లెక్క మొదలవుతుంది. మీ ప్రింటర్‌కి కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఉంటే, దాని సొంత భాష దానికే బాగా తెలుసు.

డబ్ల్యూఎస్‌డీ పోర్టు సంగతి వేరు. విండోస్ విస్టా కాలంలో వచ్చిన పద్ధతి అది. ప్రింటర్ ఏ చిరునామాలో ఉందో మనం చెప్పనక్కరలేదు, విండోసే నెట్‌వర్క్‌లో కేకేసి కనుక్కుంటుంది. ఇంట్లో నెలకు నాలుగు పేజీలు తీసుకునేవాళ్లకు సరే. కౌంటర్ ముందు మనిషిని నిలబెట్టుకున్న మీకు మాత్రం పనికిరాదు. ప్రింటర్ నిద్రలో ఉన్నా, రౌటర్ ఆ కేకని సరిగా అందించకపోయినా విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. స్టాప్‌వాచ్‌లో మధ్య భాగం పెరిగేది ఇలాగే.

అందుకని మొదట పోర్టు మార్చండి, డ్రైవర్ సంగతి తర్వాత. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మొదటికే వస్తారు. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ రిపోర్ట్ ప్రింట్ తీస్తే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) దొరుకుతుంది. ముందు రౌటర్‌లోకి వెళ్లి ఆ ప్రింటర్‌కి ఆ అడ్రస్‌ని రిజర్వ్ చేయండి. ఈ పని వదిలేస్తే కరెంటు పోయి వచ్చిన రోజున అడ్రస్ మారిపోయి, ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. తర్వాత ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కి, కాసేపు ఆగితే కింద యాడ్ మాన్యువల్లీ అని వస్తుంది. అందులో ఐపీ అడ్రస్‌తో కలిపే ఎంపిక తీసుకోండి. డివైస్ టైప్ దగ్గర టీసీపీ/ఐపీ డివైస్ అని పెట్టండి. ప్రింటర్‌ని అడిగి డ్రైవర్‌ని దానంతటదే ఎంచుకునే టిక్ తీసేయండి, లేకపోతే మళ్లీ ఆ క్లాస్ డ్రైవరే వచ్చి కూర్చునే అవకాశం ఉంది. డ్రైవర్ అడిగిన చోట, ఇప్పుడున్నది కంపెనీ డ్రైవరైతే ప్రస్తుతానికి అదే ఇచ్చి, ఒక పేజీ తీసి టైము రాసుకోండి. ఇప్పుడున్నది క్లాస్ డ్రైవరైతే అది ఈ పోర్టు మీద నడవకపోవచ్చు, అప్పుడు కింద చెప్పినట్టు కంపెనీ డ్రైవర్ దింపి అదే ఇవ్వండి.

పోర్టు కలిపాక అదే పోర్ట్స్ ట్యాబ్‌లో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కితే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అని ఒక టిక్ ఉంటుంది. ప్రింటర్ ఎలా ఉందో మధ్యమధ్యలో అడిగి తెలుసుకునే పద్ధతి అది. కొన్ని ప్రింటర్లు ఆ ప్రశ్నకు జవాబివ్వవు, విండోస్ జవాబు కోసం ఆగుతుంది, బాగున్న ప్రింటర్‌ని ఆఫ్‌లైన్ అనేస్తుంది. ఆ టిక్ తీసేయండి. దానివల్ల ప్రింటుకు పోయేదేమీ లేదు.

కిందటేడు ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. మర్నాడు పరీక్షలు, నాలుగు వందల హాల్ టికెట్లు తీయాలి. ఒక్కోటి నిమిషంన్నర పడుతోంది. అంటే పది గంటల పని. వెళ్లేసరికి క్లర్కు మేడమ్ కుర్చీ ప్రింటర్ పక్కకి లాక్కుని, వచ్చిన ఒక్కో కాగితాన్నీ చేత్తో పట్టుకుంటున్నారు. అప్పటికే కొత్త కేబుల్ కొన్నారు, కొత్త టోనర్ వేశారు. క్యూ చూస్తే ఒక్కో హాల్ టికెట్టూ ఎనభై ఎంబీ. డ్రైవర్ చూస్తే విండోస్ పెట్టుకున్నది. కంపెనీ డ్రైవర్ దింపి వేశాక అదే హాల్ టికెట్టు ఒక ఎంబీకి కాస్త పైన ఉంది. తొమ్మిదిన్నరకల్లా మొత్తం అయిపోయాయి. ఆ మేడమ్ కాగితాలు సర్దుకుంటూ 'టోనర్ అనవసరంగా కొన్నాం కదండీ' అన్నారు. అవును, అనవసరమే. మీకు ఇంత పెద్దగా రాస్తున్నది కూడా ఆ బోర్డు డబ్బు అలా పోకూడదనే.

పోర్టు మార్చాక కూడా సరిపోకపోతే డ్రైవర్ మార్చాలి. ఇక్కడ ఓపిక కావాలి. పాత డ్రైవర్ మీదే కొత్తది వేసేస్తే చాలాసార్లు పాతదాని ముక్కలు అలాగే మిగిలిపోతాయి. ముందు మీ ప్రింటర్ కంపెనీ సైటు నుంచి, మీ మోడల్ పేరుతో, విండోస్ 11 64 బిట్‌కి ఇచ్చిన పూర్తి డ్రైవర్ ప్యాకేజీ దింపి పెట్టుకోండి. పెట్టెలో వచ్చిన సీడీ వాడకండి, అది ప్రింటర్ తయారైన రోజుల్లోది. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్కుతో అప్‌డేట్ చేస్తామని చెప్పే ప్రోగ్రాములు ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. వాటివల్ల చెడిపోయిన కంప్యూటర్లను నేను చాలా బాగుచేశాను.

తర్వాత ఆ ప్రింటర్‌వి ఎన్ని కాపీలు కనబడుతున్నాయో అన్నీ తీసేయండి. 'కాపీ 1', 'కాపీ 2' అని పేర్లు ఉంటాయి కదా, అవి కూడా. ఇప్పుడు ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలోనే కిందికి వెళ్తే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ ఉంటుంది. అందులో డ్రైవర్స్ ట్యాబ్‌లో మీ పాత డ్రైవర్ ఎంచుకుని రిమూవ్ నొక్కితే రెండు ఎంపికలు ఇస్తుంది. డ్రైవర్ ఒక్కటే తీసేయాలా, డ్రైవర్ ప్యాకేజీతో సహానా అని. ప్యాకేజీతో సహా తీయండి. ఆ రెండోది ఎంచుకోకపోతే విండోస్ మళ్లీ అదే పాతదాన్ని లోపలినుంచి తీసి పెట్టుకుంటుంది. డ్రైవర్ వాడుకలో ఉంది, తీయడం కుదరదు అంటే స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరిచి, ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీసు) రీస్టార్ట్ చేసి, వెంటనే మళ్లీ రిమూవ్ నొక్కండి. ఆ కొన్ని సెకన్లలో పని అయిపోవాలి, అందుకే రెండు విండోలూ పక్కపక్కన తెరిచి పెట్టుకోండి.

స్పూలర్ దాకా వచ్చారు కాబట్టి ఇది కూడా చేసేయండి. స్పూలర్‌ని స్టాప్ చేసి, సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ తెరవండి. అందులో ఉన్న ఫైళ్లన్నీ తీసేయండి. ఫోల్డర్‌ని మాత్రం తీయకండి. ఎప్పుడో ఆగిపోయిన ప్రింట్లు అక్కడ పేరుకుపోయి ఉంటాయి. నేను ఒకసారి రెండు జీబీ దాకా చూశాను. తీశాక స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చేయండి, మరిచిపోతే ప్రింటర్లేవీ కనబడవు.

ఇప్పుడు కొత్త డ్రైవర్ వేసి, ముందు చెప్పినట్టే టీసీపీ/ఐపీ పోర్టు మీద కలపండి. వేయగానే పని అయిపోయిందనుకోకండి, కొత్త డ్రైవర్ వచ్చిందంటే సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. కాగితం రకం ప్లెయిన్ అని ఉందా చూడండి. హెవీ అనో థిక్ అనో ఉంటే ఫ్యూజర్ ఎక్కువ వేడి కోసం యంత్రాన్నే నిదానంగా తిప్పుతుంది. అప్పుడు ఏ డ్రైవర్ వేసినా వేగం రాదు. రిజల్యూషన్ 600 చాలు. 1200 పెడితే చుక్కలు నాలుగు రెట్లవుతాయి, ఆదాయ సర్టిఫికెట్టు మీద కంటికి కనబడే తేడా ఏమీ ఉండదు. డూప్లెక్స్ (కాగితానికి రెండువైపులా ప్రింటు) దానంతటదే ఆన్ అయిందేమో కూడా చూడండి.

ఈ సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయి, అక్కడే చాలామంది పొరబడతారు. జనరల్ ట్యాబ్‌లో ఉన్న ప్రిఫరెన్సెస్‌లో మార్చితే మీ లాగిన్‌కే వర్తిస్తుంది. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఉన్న ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో మార్చితే ఆ కంప్యూటర్ వాడే అందరికీ వర్తిస్తుంది. మీ దగ్గర కుర్రాళ్లు వేరే లాగిన్‌లో కూర్చుంటే రెండోచోటే మార్చండి.

అదే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఇంకో రెండు ఉన్నాయి. మొత్తం ఫైలు స్పూల్ అయ్యాక ప్రింట్ మొదలుపెట్టాలా, వెంటనే మొదలుపెట్టాలా అని అడుగుతుంది. మీకు 'స్టార్ట్ ప్రింటింగ్ ఇమ్మీడియట్లీ' సరైనది. లేకపోతే యాభై పేజీల ఫైలులో యాభయ్యో పేజీ తయారయ్యేదాకా మొదటి పేజీ ఆగుతుంది. రెండోది 'ఎనేబుల్ అడ్వాన్స్‌డ్ ప్రింటింగ్ ఫీచర్స్'. మామూలుగా ఇది ఉండటమే మంచిది. అన్నీ చేసినా కొన్ని రకాల ఫైళ్లు మాత్రమే ఇరుక్కుంటుంటే అప్పుడు ఆ టిక్ తీసి చూడండి. తీస్తే స్పూలర్ మధ్యలో చేసే ఒక మార్పిడి తప్పుతుంది, కానీ ఒకే కాగితం మీద రెండు మూడు పేజీలు వేసే సౌకర్యం లాంటివి కొన్ని పోతాయి.

ఒక్క రకం పీడీఎఫ్‌లే స్లో అయితే డ్రైవర్‌ని తిట్టుకోకండి. స్కాన్ చేసిన పాత పహాణీలు, వెనక లేతగా ముద్ర ఉన్న సర్టిఫికెట్లు ఇలాగే ఉంటాయి. ఆ లేత ముద్ర పారదర్శకంగా ఉంటుంది కాబట్టి దాని కింద ఉన్న అక్షరాలను కూడా కలిపి బొమ్మగా చేయాల్సి వస్తుంది. అడోబ్ రీడర్‌లో ప్రింట్ విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' పెట్టి 300 దగ్గర తీసి చూడండి. అవే పేజీలు కొన్నిసార్లు చాలా త్వరగా వస్తాయి. రోజూ అలాగే పెట్టేయకండి, చిన్న అక్షరాలు మసకబారతాయి.

రెండో కంప్యూటర్ గురించి మీరు ఎక్కువ రాయలేదు కానీ, అది కౌంటర్ కంప్యూటర్ షేరింగ్ ద్వారా ప్రింట్ ఇస్తోందని మీ మాటల్ని బట్టి అర్థమైంది. అది తీసేయండి. 2021 జులైలో ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడింది. దాని తర్వాత మైక్రోసాఫ్ట్ షేరింగ్ ప్రింటర్ల నిబంధనలన్నీ బిగించింది. ఆ ఆగస్టు అప్‌డేట్‌తో, షేర్ చేసిన ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ హక్కు తప్పనిసరి అయింది. సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత 11బీతో ముగిసే ఎర్రర్‌తో దేశమంతా ఆఫీసుల్లో షేరింగ్ ప్రింటర్లు ఆగిపోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. విండోస్ 11లో 22హెచ్2 అనే వెర్షన్ నుంచి రెండు కంప్యూటర్లు ప్రింట్ గురించి మాట్లాడుకునే దారే మారింది. ఒకటి కొత్త విండోస్, ఇంకోటి పాత విండోస్ అయితే ఆ ఇద్దరి మధ్య మాట కుదరడానికే టైము పోతుంది. మీ ప్రింటర్‌కి సొంత వైఫై ఉంది కదా, రెండో కంప్యూటర్‌కి కూడా అదే ఐపీ అడ్రస్‌తో నేరుగా కలిపేయండి. కౌంటర్ కంప్యూటర్ ఆపేసినా దాని పని ఆగదు. ప్రింటర్‌కి యూఎస్‌బీ ఒక్కటే ఉండి, షేరింగ్ చేయక తప్పనివాళ్లు షేరింగ్ ట్యాబ్‌లో 'రెండర్ ప్రింట్ జాబ్స్ ఆన్ క్లయింట్ కంప్యూటర్స్' అనే టిక్ ఉందో లేదో చూసుకోవాలి. అది ఉంటే పేజీ తయారుచేసే బరువు ప్రింట్ ఇచ్చిన కంప్యూటరే మోస్తుంది.

వర్డ్, ఎక్సెల్ తెరవడమే ఆలస్యమవుతోందని కూడా ఒక మాట రాశారు. అది కూడా దీని తోకే. వర్డ్ పేజీ కొలతల కోసం డిఫాల్ట్ ప్రింటర్‌ని అడుగుతుంది. ఆ డిఫాల్ట్ ఎక్కడో పాత ఆఫ్‌లైన్ ప్రింటర్ అయితే జవాబు రాక వర్డ్ ఆగుతుంది. 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆపేసి, మీ ప్రింటర్‌ని మీరే డిఫాల్ట్‌గా పెట్టండి.

పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ మిత్రులు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రాము. అను ఫాంట్లతో ఇప్పటికీ దాంట్లోనే పనిచేసేవాళ్లు మన దగ్గర ఎందరో ఉన్నారు, చేతికి అలవాటైన పని, తప్పు పట్టను. కానీ 64 బిట్ విండోస్‌లో అది ప్రింట్ ఇస్తే మధ్యలో ఎస్‌పీఎల్‌డబ్ల్యూఓడబ్ల్యూ64 అనే దుబాసీ ప్రోగ్రాము కూర్చుని 32 బిట్ మాటను 64 బిట్ డ్రైవర్‌కి చెబుతుంది. అది ఇరుక్కుంటే పేజ్‌మేకర్ కదలదు, వర్డ్ మాత్రం బాగానే ప్రింట్ అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు వెతికి ఎండ్ టాస్క్ చేసి మళ్లీ ప్రింట్ ఇవ్వండి. తరచుగా అవుతుంటే పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్ చేసుకుని, ఆ పీడీఎఫ్‌ని 64 బిట్ రీడర్ నుంచి తీయడం మేలు.

ఇంక్‌ట్యాంక్ వాళ్లకు పైదంతా వర్తిస్తుంది, కొత్తది ఒక్కటే. ఎప్సన్ డ్రైవర్‌లో క్వైట్ మోడ్ ఆన్‌లో ఉందా, హైస్పీడ్ టిక్ పోయిందా చూసుకోండి. ఆ టిక్ లేకపోతే హెడ్ ఒకవైపు వెళ్లేటప్పుడే ఇంకు వేస్తుంది, వెనక్కి ఖాళీగా వస్తుంది. చప్పుడు విని కూడా పట్టుకోవచ్చు.

ఇప్పుడు బాగుచేసుకున్నాక మళ్లీ ఎప్పుడైనా రావచ్చా అంటే, రావచ్చు. బయటి కంపెనీల ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇకపై వాళ్ల మొగ్గు ఐపీపీ క్లాస్ డ్రైవర్ వైపే. అంటే ప్రింటర్‌ని మళ్లీ మొదటినుంచి కలిపినప్పుడల్లా విండోస్ తన డ్రైవర్‌నే ముందు పెట్టే అవకాశం పెరుగుతుంది. కంపెనీ సైటు నుంచి దింపి వేసుకునే దారిని మాత్రం మూసేయలేదు. కాబట్టి ఇప్పుడు దింపిన డ్రైవర్ ఫైలుని పారేయకుండా ఒక పెన్ డ్రైవ్‌లో దాచండి. 2025 మొదట్లో ఒక అప్‌డేట్ తర్వాత కొన్ని యూఎస్‌బీ ప్రింటర్లు తమంతట తామే పిచ్చి అక్షరాల కాగితాలు ప్రింట్ చేశాయి, ఐపీపీ మాటలు నేరుగా కాగితం మీదకి వచ్చేశాయి. తర్వాతి అప్‌డేట్లలో దాన్ని సరిచేశారు. అలాంటిది చూస్తే మళ్లీ బోర్డు అనుకోకండి.

విండోస్ 11 24హెచ్2లో 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అని ఒక సెట్టింగు వచ్చింది. భద్రతకు మంచిదే, కానీ దాన్ని ఆన్ చేస్తే బయటి డ్రైవర్లతో నడిచే ప్రింటర్లన్నీ వెళ్లిపోతాయి. కుర్రాళ్లెవరైనా తెలియక నొక్కారేమో ఒకసారి చూడండి. రేపు కొత్త ప్రింటర్ కొనాల్సి వస్తే పెట్టె మీద మోప్రియా (కంపెనీ డ్రైవర్ లేకుండానే ప్రింట్ ఇవ్వగల ప్రింటర్లకు ఇచ్చేది) గుర్తు ఉందా, పీసీఎల్ లేదా పోస్ట్‌స్క్రిప్ట్ వస్తుందా అని అడిగి కొనండి. ధర కొంత ఎక్కువైనా విండోస్ ఎన్నిసార్లు మారినా చిక్కు పడరు.

ఫోన్ నుంచి ఇచ్చినా అంతే స్లోగా వస్తే మాత్రం నా అంచనా తప్పు. అప్పుడు ప్రింటర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి నేరుగా కలిపి చూడండి. కేబుల్ మీద బాగుంటే వైఫైది తప్పు, ప్రింటర్‌ని రౌటర్‌కి దగ్గరగా జరపండి, లేకపోతే లాన్ కేబుల్ వేయండి. కేబుల్ మీద, కంపెనీ డ్రైవర్‌తో కూడా రెండు నిమిషాలే పడితే అప్పుడు మీ మెకానిక్ మాట వినాల్సిందే.

రేపు పొద్దున షాపు తెరిచేముందు ఓ గంట పెట్టుకుని చేయండి, జనం ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. అయ్యాక ఒక చిన్న చీటీ మీద ప్రింటర్ ఐపీ అడ్రస్, డ్రైవర్ పేరు, వెర్షన్ నంబరు, వేసిన తేదీ రాసి ప్రింటర్ పక్కన అతికించండి. ఇంకా స్లోగానే ఉంటే ఆ చీటీలో ఉన్నవి, స్టాప్‌వాచ్‌లో వచ్చిన మూడు టైములు, క్యూలో కనబడిన సైజు రాయండి. అవి చూస్తే ఎక్కడ ఆగుతోందో చెప్పగలను.